గాలి ఎక్కడ జారిపోతోంది?

ఊది వాయించే సుషిర వాద్యాల కొనుగోలు, మరమ్మతు, అభ్యాసం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాము. ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే బాధ కనిపించింది. వాద్యం సరిగా పలకడం లేదు, లోపం తమదేనేమోనని వాయించేవారు కుంగిపోతున్నారు. అందుచేత మొదటి జవాబును కొంత విపులంగా రాశాను. తక్కినవారు కూడా దానిని చదవాలని కోరుతున్నాను.

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. పెళ్లి బ్యాండులో కొత్తగా చేరి క్లారినెట్ నేర్చుకుంటున్నాను. ఒకరి దగ్గర పాత వాద్యం కొన్నాను. మధ్య స్వరాలు పలుకుతున్నాయి గానీ కిందికి దిగేకొద్దీ ధ్వని పట్టు తప్పుతోంది, ఒక్కొక్కసారి ఉన్నట్టుండి కీచుమంటోంది. రీడు (నోటి దగ్గర కంపించే గడ్డికాడ రేకు) మార్చినా ఫలితం లేదు. మా మాస్టారు నాకు ఊపిరి చాలడం లేదంటున్నారు. నిజంగా నా ఊపిరిదేనా లోపం?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ ఊపిరిని అనుమానించే ముందు వాద్యాన్ని అనుమానించాలి. క్లారినెట్‌లో అన్నిటికంటే కింది స్వరం పలకాలంటే గొట్టం మీద ఉన్న ప్రతి రంధ్రమూ మూసుకొని ఉండాలి. అందులో కొన్నిటిని మీ వేళ్లు మూస్తాయి, తక్కినవాటిని కీల కింద ఉండే ప్యాడ్లు మూస్తాయి. ఎక్కడైనా ఒక ప్యాడ్ అంచు వెంట్రుకవాసి లేచి ఉన్నా గాలి అక్కడినుంచి జారిపోతుంది. మధ్య స్వరాలకు సగం రంధ్రాలు ఎలాగూ తెరిచే ఉంటాయి కనుక అక్కడ ఈ లోపం బయటపడదు. కిందికి దిగేకొద్దీ బయటపడుతుంది.

కీచుమనడానికి కారణం కూడా ఇదే కావచ్చు. ఎడమ బొటనవేలి దగ్గర ఉండే రిజిస్టర్ కీ తెరిచేది చాలా చిన్న రంధ్రం. అది తెరుచుకోగానే క్లారినెట్ ధ్వని ఒక స్థాయి దాటి, పై స్థాయి పంచమానికి గెంతుతుంది. వేణువు లాగా పై షడ్జానికి వెళ్లి ఆగకపోవడం క్లారినెట్ స్వభావం. ఇప్పుడు ఆలోచించండి. పై జాయింటులో, అంటే గొట్టం పై ముక్కలో, ఏదో ఒక ప్యాడ్ కొద్దిగా కారుతున్నదంటే, మీరు నొక్కకుండానే మరొక రిజిస్టర్ కీ అక్కడ తెరుచుకున్నట్లే. వాద్యం తనంతట తాను పైకి గెంతుతుంది, వాయించేవారు తత్తరపడి పెదవులను బిగిస్తారు, బిగించినకొద్దీ కీచుదనం పెరుగుతుంది. చిల్లుపడిన కొలిమితిత్తిని ఎంత బలంగా ఒత్తినా నిప్పు రాజుకోదు. అటువంటి వాద్యంతో ఆరు నెలలు సాధన చేసిన విద్యార్థికి పెదవి బిగింపు, వేళ్ల ఒత్తిడి అన్నీ తప్పుగా అలవాటవుతాయి, వాద్యం బాగుపడిన తరువాత కూడా ఆ అలవాట్లు ఒక పట్టాన వదలవు. నాకు అసలు బాధ అదే.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. కింది జాయింటు తీసి పక్కన పెట్టండి. పై జాయింటు ముందు రంధ్రాలను ఎడమచేతి వేళ్లతో, వెనుక రంధ్రాన్ని బొటనవేలితో మామూలుగా మూసి, గొట్టం అడుగును కుడి అరచేతితో మూయండి. పైనుంచి నోటితో గాలిని లోపలికి పీల్చి ఆపితే, బాగున్న వాద్యంలో ఆ పీల్పు ఒకటి రెండు క్షణాలు నిలిచి, చేయి తీయగానే చిన్న టప్పుమనే శబ్దం వినిపించాలి. పీలుస్తుండగానే గాలి వచ్చేస్తుంటే లీకు ఉన్నదన్న మాట. అది ఏ ప్యాడ్ దగ్గరో కనుక్కోవడానికి సిగరెట్లు చుట్టుకొనే పలుచని కాగితాన్ని సన్నని పట్టీలా కత్తిరించి ఒక్కొక్క ప్యాడ్ కింద పెట్టాలి. కీ మూసి ఉంచి కాగితాన్ని మెల్లగా లాగాలి. ప్యాడ్ చుట్టూ నాలుగు వైపులా ఒకే విధమైన పట్టు తగలాలి. ఒక వైపు పట్టి, మరొక వైపు జారిపోతే ఆ ప్యాడ్ ఒరిగి కూర్చున్నదని అర్థం. స్ప్రింగుతో మూసుకొని ఉండే కీలకు స్ప్రింగు బలమే చాలు, వేలితో అదిమి పరీక్షిస్తే అసలు సంగతి దాగిపోతుంది.

క్లారినెట్ ప్యాడ్ లోపల ఉన్ని ఫెల్టు ఉంటుంది. దాని మీద జంతువుల పేగు నుంచి తీసిన పలుచని పొర రెండు వరుసలుగా కప్పి ఉంటుంది. వానకాలపు తేమకు, పొడి ఎండకు, లోపలినుంచి తగిలే ఊపిరి తడికి ఆ పొర మొదట గట్టిపడుతుంది, తరువాత అంచు దగ్గర చిరుగుతుంది. కంటికి పసుపు రంగు మరకగానో చిన్న చీలికగానో కనిపిస్తుంది. ప్యాడ్ మార్చేటప్పుడు కీ గిన్నెను చిన్న దీపపు సెగతో వెచ్చచేసి, లక్క గానీ వేడికి కరిగే జిగురు గానీ వేసి, అది చల్లారేలోగా ప్యాడ్‌ను రంధ్రానికి సమంగా కూర్చోబెట్టాలి. క్షణాల్లో అతుక్కునే జిగురుతో అంటించిన ప్యాడ్‌ను తిరిగి సర్దడం సాధ్యం కాదు. అలా అంటించిన వాద్యాలు మరమ్మతు బల్ల మీదికి వచ్చినప్పుడు ముందుగా ఆ జిగురును గీకి తీయడానికే పూట గడిచిపోతుంది.

పాత వాద్యమన్నారు కనుక మరొక్క విషయం చూసుకోండి. గొట్టం మీద తయారీదారు ముద్ర దగ్గర హెచ్.పి. (హై పిచ్, అంటే హెచ్చు శ్రుతి) అనే అక్షరాలు చెక్కి ఉన్నాయేమో గమనించండి. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920ల చివరి వరకు ఇప్పటికంటే ఎత్తైన శ్రుతిని వాడేవి. ఈనాటి ప్రమాణంలో ‘ఎ’ స్వరానికి సెకనుకు 440 కంపనాలు కాగా, ఆనాటి శ్రుతిలో అది దాదాపు 452. ఆ కాలపు వాద్యాలు మన దేశంలో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. తేడా అరస్వరంలో సగం వరకు ఉంటుంది. దానిని ఏ మరమ్మతూ సరిచేయదు, ఎందుకంటే రంధ్రాల మధ్య దూరాలే ఆ శ్రుతికి లెక్కకట్టినవి. ఆ ముద్ర ఉన్న వాద్యాన్ని కీబోర్డు పక్కన వాయించాలని ఆశపెట్టుకోవద్దు.

చివరగా, పెళ్లి ఊరేగింపులలో ఎండలో, మంచులో, ఒక్కొక్కసారి చినుకులలో వాయించవలసిన మీకు చెక్క క్లారినెట్ కంటే గట్టి ప్లాస్టిక్‌తో చేసినదే మేలని నా అభిప్రాయం. మేలురకం క్లారినెట్లకు వాడే ఆఫ్రికా నల్లచెక్క నాదం గొప్పదే, కానీ ఉన్నట్టుండి మారే వేడిని, తడిని అది ఓర్చుకోలేదు. కీలకు కొబ్బరినూనె రాయకండి, అది జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది. కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క కీ తిరిగే చోట సూదిమొనతో ఒక చుక్క వేస్తే చాలు, అది ప్యాడ్లకు తగలకూడదు.

ప్రశ్న: హైదరాబాదులో ఉంటాము. మా పాపకు ఎనిమిదేళ్లు. వేణువు నేర్పించాలని ఉంది. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు ఒకటి తెప్పించాము, కానీ గురువుగారు అది పనికిరాదన్నారు. కర్ణాటక వేణువుకు, హిందుస్తానీ బాంసురీకి తేడా ఏమిటి? ఏ శ్రుతి కొనాలి? ఆన్‌లైన్ పాఠాలు సరిపోతాయా?

జవాబు: గురువుగారి మాట వినండి. ఏ సంప్రదాయం నేర్చుకుంటున్నారో తేలకముందే వాద్యం కొనడం వల్లనే ఇటువంటి చిక్కు వస్తుంది. కర్ణాటక వేణువుకు ఊదే ముఖరంధ్రం కాక ఎనిమిది రంధ్రాలు ఉంటాయి. మొదటి రెండింటిని మూసి ఊదితే షడ్జం పలుకుతుంది. హిందుస్తానీ బాంసురీకి సాధారణంగా ఆరు రంధ్రాలు ఉంటాయి, ఏడవది కూడా ఉన్నవి కొన్ని ఉంటాయి. అక్కడ మూడు మూస్తే షడ్జం. అందువల్ల రెండింటి మీద ఒకే శ్రుతి పేరు రాసి ఉన్నా వాటి పొడవు ఒకటి కాదు, వేళ్ల వరుసా ఒకటి కాదు. ఇవాళ కచేరీలలో కనిపించే పొడవైన, గంభీరమైన బాంసురీని పన్నాలాల్ ఘోష్ (1911–1960) ప్రచారంలోకి తెచ్చారు. దక్షిణాదిలో పొట్టి వేణువుతోనే టి.ఆర్. మహాలింగం (1926–1986) గమకాలను (స్వరాలను ఊపి, జార్చి పలికే తీరును) గాత్రంలో పలికినంత స్పష్టంగా పలికించారు. ఏది గొప్ప అన్న ప్రశ్న ఇక్కడ లేదు. పాప ఏ గురువు దగ్గర కూర్చుంటుందో ఆ గురువు వాయించే రకమే ఆమెకు కావాలి.

శ్రుతి విషయంలో పాప చేతిని కొలతగా పెట్టుకోవాలి. శ్రుతి అంకె, అంటే షడ్జం ఎత్తును తెలిపే అంకె, పెరిగేకొద్దీ వేణువు పొట్టిదవుతుంది, రంధ్రాలు దగ్గరవుతాయి. కర్ణాటక సంప్రదాయంలో చాలామంది గురువులు అయిదు శ్రుతితోనో, దానికి దగ్గరలో ఉన్న మరొక దానితోనో మొదలుపెడతారు. చిన్న చేతులకు అంతకంటే హెచ్చు శ్రుతి అవసరం కావచ్చు. దుకాణానికి పాపను తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. ఆమె వేళ్ల మెత్తని భాగం ఒత్తిడి లేకుండా రంధ్రాలన్నిటినీ కప్పగలగాలి. ఉంగరపు వేలిని లాగి పెట్టవలసి వస్తే ఆ వేణువు ఆమెది కాదు.

ఇక మంచి వేణువును పోల్చుకోవడం. తంబురా యాప్‌లో శ్రుతి పెట్టి, గురువుగారినే ఊదమని అడగండి. మధ్య షడ్జం కలిసినంత మాత్రాన సరిపోదు, పై షడ్జం కూడా ఊపిరిని వంకర తిప్పకుండా కలవాలి. ముఖరంధ్రానికి, దాని పక్కన మూసి ఉన్న కొసకు మధ్య దూరం తప్పితే స్థాయిల మధ్య పొంతన చెడుతుంది, దానిని పిల్లలు పెదవితో సర్దుకోలేరు. పంచమం, ఆపైన మధ్యమం చూడండి. అలంకరణ కోసం అమ్మే వేణువులలో రంధ్రాలను సమాన దూరాలలో వరుసగా పొడిచి ఉంటారు. కంటికి ఆ వరుస ముచ్చటగా ఉంటుంది, చెవికి ఏ స్వరమూ నిలవదు. ఉత్తరప్రదేశ్‌లోని పిలీభీత్ వేణువుల తయారీకి పేరుపొందిన ఊరు. అక్కడికి వెదురు అస్సాం నుంచి వస్తుంది, ఎందుకంటే కణుపుల మధ్య అంత పొడవు, అంత పలుచని గోడ ఉన్న వెదురు ఎక్కడ పడితే అక్కడ పెరగదు. అయితే ఊరి పేరు చూసి కొనవద్దు. ఒకే చేతితో చేసిన రెండు వేణువులు కూడా ఒకేలా పలకవు కనుక ఊది చూసినదే కొనాలి.

ఆన్‌లైన్ పాఠాల గురించి కూడా అడిగారు. తొలి కొన్ని నెలలు ఎదురుగా కూర్చొని నేర్చుకోవాలి. పెదవి కోణాన్ని, ఊపిరి దారిని తెర మీద చూసి సరిదిద్దడం చాలా కష్టం. ఆ తరువాత ఆన్‌లైన్ ఫర్వాలేదు గానీ, వీడియో కాల్ యాప్‌లలో చప్పుడును అణచే సదుపాయాన్ని తప్పక ఆపివేయండి. నిలకడగా సాగే వేణునాదాన్ని అవి ఫ్యాను రొదగా భావించి తుంచేస్తాయి, గురువుగారికి సగం స్వరం వినబడదు.

ప్రశ్న: మా అబ్బాయి వేణువు ఎండాకాలంలో నిలువుగా చీలింది. అతికించవచ్చా?

జవాబు: చీలిక వెంట్రుకంత సన్నగా ఉండి, ముఖరంధ్రానికి తగలకపోతే బాగుచేయవచ్చు. చీలికలోకి పలుచని జిగురు దింపి, ఆరకముందే రెండు వైపులా గట్టి నైలాన్ దారాన్ని పోగు పక్కన పోగుగా, సందు లేకుండా బిగించి చుట్టించండి. ముఖరంధ్రం గుండా పోయిన చీలికకు మాత్రం ఖర్చు పెట్టకండి. ఇకమీదట కారులో, స్కూటర్ డిక్కీలో, ఏసీ ఎదురుగా వేణువు ఉంచవద్దు. వాయించిన తరువాత లోపల మెత్తని బట్టతో తుడిచి, ఎండ తగలని చోట గుడ్డ సంచిలో పెట్టండి. ఎండలు ముదిరిన నెలల్లో లోపలి గోడకు అప్పుడప్పుడు ఆవనూనె పలుచగా రాసి, మిగిలినది తుడిచివేయండి.

ప్రశ్న: పల్నాడు జిల్లాలో ఒక దేవాలయంలో సన్నాయి (నాదస్వరం) వాయిస్తాను. తరతరాలుగా మాది ఇదే వృత్తి. ఈమధ్య ఏసీ కల్యాణమండపాలలో వాద్యం పీక (నోట పెట్టి ఊదే రెండు రేకుల రీడు) త్వరగా ఎండిపోతోంది, శ్రుతి నిలవడం లేదు. కొత్త వాద్యం కొనాలా? తమిళనాడు వెళ్లక తప్పదా? మా పిల్లలకు ఎక్కడ నేర్పించాలి?

జవాబు: మీ ప్రాంతం నుంచి ఉత్తరం రావడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, చిలకలూరిపేట బాణీలో నేర్చి, తరువాత శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా (1924–1999) మన నాదస్వరాన్ని ప్రపంచ వేదికల మీద నిలబెట్టారు. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు కూడా ఆ పరంపరకు చెందినవారే. ఇంతటి వారసత్వం ఉన్న చోట పీక సరిచేసే చేతులు తగ్గిపోతున్నాయంటే అది సంగీతాభిమానులందరూ పట్టించుకోవలసిన విషయం.

ముందు వాద్యం జోలికి పోకండి, పీకను చూడండి. నాదస్వరం పీక కావేరి తీరంలో దొరికే ఒక జాతి గడ్డి కాడతో చేసినది, రెండు రేకుల మధ్య సందే దాని ప్రాణం. తగినంత తడి ఉన్నప్పుడే ఆ సందు సరైన కొలతలో నిలుస్తుంది. చల్లని పొడిగాలి తగిలినప్పుడు రేకులు ముడుచుకుంటాయి, మీరు ఊపిరి బలం పెంచుతారు, శ్రుతి పైకి జారుతుంది. మరోపక్క చల్లగాలి వల్ల గొట్టంలోని గాలి చల్లబడి శ్రుతి కిందికి లాగుతుంది. ఈ రెండింటి మధ్య వాయించేవారు నలిగిపోతారు. గాలి వేడి 15 డిగ్రీలు మారితే, లెక్క ప్రకారం ఏ గొట్టపు వాద్యపు శ్రుతి అయినా అరస్వరంలో దాదాపు సగం మారుతుంది. మన ఊపిరి వెచ్చదనం గొట్టాన్ని కొంత కాపాడుతుంది కనుక నిజంగా కనిపించే తేడా అంతకంటే తక్కువ.

కనుక మండపానికి ముందుగా వెళ్లి వాద్యాన్ని ఆ గాలిలో ఉండనివ్వండి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట కూర్చోకుండా నిర్వాహకులను మర్యాదగా అడగండి, ఇది కళాకారుడి హక్కు. రెండు మూడు పీకలను ముందే తడిపి, మూత ఉన్న చిన్న డబ్బాలో సిద్ధంగా ఉంచుకోండి. వాద్యానికి వేలాడే సూదితో రేకుల సందును సరిచేసే పని మీకు తెలిసినదే, అయితే ఎండిన పీక మీద ఆ పని ఎన్నడూ చేయవద్దు, చీలుతుంది. అప్పటికీ శ్రుతి కలవకపోతే గొట్టం అడుగున వేళ్లు పెట్టని అయిదు రంధ్రాలను చూడండి. వాటిలో మైనం పెట్టడం, తీయడం ద్వారా నాదాన్ని, శ్రుతిని సర్దుకొనే వీలును పెద్దలు మనకు ఇచ్చారు. వేసవిలో ఆ మైనం మెత్తబడి జారడం వల్లనే శ్రుతి మారిన సందర్భాలు ఎన్నో చూశాను. లోపల ఉండే లోహపు గొట్టానికి చుట్టిన దారం వదులైనా గాలి కారుతుంది, అది కూడా చూసుకోండి.

వాద్యమే కొనాలనుకుంటే తంజావూరు జిల్లాలోని నరసింగంపేట పేరు మీరు వినే ఉంటారు. ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956) కోసం అక్కడి ఆచారి ఒకరు శుద్ధ మధ్యమం చక్కగా పలికే పొడవైన నాదస్వరాన్ని రూపొందించారు. అంతకుముందు వాడుకలో ఉన్న తిమిరి పొట్టిది, శ్రుతి హెచ్చు. కొత్త చెక్కతో చేసిన వాద్యం ఏడాది తిరగకముందే వంగవచ్చు లేదా చీలవచ్చు. అందుకే అక్కడి పనివారు పాత ఇళ్ల దూలాల నుంచి వచ్చిన ముదురు ఆచా చెక్కను కోరుకుంటారు. వెళ్లేటప్పుడు మీ పీకలను మీరు తీసుకువెళ్లి, వాటితోనే వాయించి చూసి ఎంచుకోండి. దుకాణంలోని పీకతో బాగా పలికిన వాద్యం మీ పీకతో అలాగే పలుకుతుందన్న నమ్మకం లేదు. మీ పిల్లలకు నేర్పించే విషయం రాశారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో నాదస్వర, డోలు పాఠశాల నడుస్తోంది, దాని ప్రవేశ ప్రకటనలను గమనిస్తూ ఉండండి.

ప్రశ్న: అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటున్నాము. మా బాబు బడి బ్యాండులో ఆల్టో సాక్సోఫోన్ వాయిస్తాడు. అదే వాద్యం మీద త్యాగరాజ కృతులు నేర్పించవచ్చా? వాద్యం అద్దెకు తీసుకోవాలా, కొనాలా?

జవాబు: తప్పక నేర్పించవచ్చు. దక్షిణ కన్నడ ప్రాంతంలో నాదస్వర కుటుంబంలో పుట్టిన కద్రి గోపాలనాథ్ (1949–2019) మైసూరు రాజభవన బ్యాండులో సాక్సోఫోన్ విని, దానిని కర్ణాటక సంగీతానికి లొంగదీయడానికి జీవితమంతా వెచ్చించారు. కీల వాద్యంలో స్వరాలు మెట్లు మెట్లుగా వస్తాయి, మనకు కావలసిన గమకం మెట్ల మధ్య జారుడులో ఉంటుంది. ఆ జారుడును పెదవి సడలింపుతో, కీని సగం తెరవడంతో, గొంతు లోపలి ఆకృతితో తెచ్చుకోవాలి. బడిలో చెప్పే పద్ధతి దీనికి శత్రువు కాదు, నిలకడగా ఊదడం అక్కడే బాగా వస్తుంది.

ఆల్టో సాక్సోఫోన్ మీద బాబు ‘సి’ అని చదివే స్వరం నిజానికి రెండున్నర శ్రుతి (కీబోర్డు మీద ఇ ఫ్లాట్) షడ్జమై పలుకుతుంది. దానినే షడ్జంగా పెట్టుకొంటే వేళ్లకు సులువు, కనుక పక్కవాద్యాలను రెండున్నరకు శ్రుతి చేయించండి. తంబురాను ఒకటి శ్రుతిలో పెట్టి, తన పుస్తకంలోని ‘సి’ కలవడం లేదని పిల్లవాడు కంగారు పడటం సర్వసాధారణం. మరొక మనవి. ప్రతి కృతిని వాయించే ముందు పాడించండి. సాహిత్యం మన తెలుగే కనుక, మాట ఎక్కడ విరుగుతుందో, ఏ అక్షరం మీద ఊపిరి తీసుకోకూడదో పాడినవాడికే తెలుస్తుంది. దూరదేశంలో పెరిగే పిల్లలకు ఆ సాధన వల్ల మాట కూడా నిలుస్తుంది.

వాద్యం విషయానికి వస్తే, మొదటి ఏడాది అద్దెకు తీసుకోవడమే మంచిది. మీ దగ్గర బడి బ్యాండులకు వాద్యాలు ఇచ్చే దుకాణాలు చాలావరకు అద్దెతోపాటు మరమ్మతు హామీని కూడా ఇస్తాయి. కట్టిన అద్దె కొనుగోలు ధరలో జమ అవుతుందో లేదో ఒప్పందంలో చదవండి. సాక్సోఫోన్ శరీరం ఇత్తడే అయినా ప్యాడ్లు తోలువి, రీడు గడ్డి కాడ. రెండు లేదా రెండున్నర బలం ఉన్న రీడుతో మొదలుపెట్టించండి. సెలవులకు భారతదేశం తెచ్చేటప్పుడు విమానంలో సామానుతో వేయకుండా చేతిపెట్టెగా తీసుకురండి. కీ కడ్డీ కొంచెం వంగినా ఇక్కడ సాక్సోఫోన్ తెలిసిన పనివారిని వెదకడానికే సెలవులు చాలవు.

ప్రశ్న: వరంగల్‌లో ఐటీఐ ఫిట్టర్ చదివాను, క్లారినెట్ కొంత వచ్చు. వాద్యాల అమ్మకం, మరమ్మతు, పాఠాలు ఒకేచోట ఉండే దుకాణం పెట్టాలని ఉంది. సాగుతుందా?

జవాబు: ఇటువంటి ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాను. మన జిల్లాలలో బ్యాండు మేళాలు, దేవాలయ మేళాలు, బడులు, ఇళ్లలో నేర్చుకొనేవారు ఎందరో ఉన్నారు. వాద్యం పాడైతే హైదరాబాదుకో చెన్నైకో పంపి, పెళ్లిళ్ల కాలంలో చేతులు ముడుచుకొని కూర్చోవలసి వస్తోంది. ఫిట్టర్ చదువు మీకు పెద్ద బలం. కొలత, అరగదీత, సూక్ష్మమైన బిగింపు మీకు ముందే వచ్చు.

మరమ్మతుతో మొదలుపెట్టండి, అమ్మకం తరువాత. పెట్టుబడి తక్కువ, నమ్మకం మరమ్మతు వల్లనే వస్తుంది. స్ప్రింగులను పట్టే సన్నని కొక్కెం, రకరకాల స్క్రూడ్రైవర్లు, సూక్ష్మమైన కొలతలు తీసే వెర్నియర్, చిన్న స్పిరిట్ దీపం, కార్కు పలకలు, స్ప్రింగు తీగలు, వేర్వేరు కొలతల ప్యాడ్లు మొదట అవసరం. ప్యాడ్ కొనేటప్పుడు కీ గిన్నెను కొలిచి కొనాలి, అర మిల్లీమీటరు తేడా కూడా ప్యాడ్‌ను ఒరగనిస్తుంది. చీకటి గదిలో గొట్టం లోపలికి సన్నని బల్బు తీగను దింపి చూడడం అలవాటు చేసుకోండి. మూసిన ప్యాడ్ అంచు నుంచి నెలవంక లాంటి వెలుగుగీత కనిపించిన చోటనే లీకు ఉంటుంది. సాక్సోఫోన్ పని అంతా ఆ వెలుగు మీదనే నడుస్తుంది. పనితనం నేర్చుకోవడానికి అనుభవజ్ఞుడైన పనివాడి దగ్గర కొంతకాలం కూర్చోవడం తప్పనిసరి. వీలైతే ఉత్తరప్రదేశ్‌లోని మేరట్ వెళ్లి రండి. 1885లో మొదలైన నాదిర్ అలీ సంస్థతో సహా బ్యాండు వాద్యాల తయారీ అక్కడ తరతరాలుగా సాగుతోంది, విడిభాగాలు ఎలా పుడతాయో కళ్లారా చూస్తే మరమ్మతు సులభమవుతుంది.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక మేళాల వాద్యాలన్నీ ఆ నెలలో ఖాళీగా ఉంటాయి. పూర్తిగా విప్పి ప్యాడ్లన్నీ మార్చే పెద్ద పనులను అప్పటికి ఒప్పుకోండి. శ్రావణం, మాఘం, వైశాఖాలలో అప్పటికప్పుడు తీర్చే చిన్న పనులకు సమయం ఉంచుకోండి. బాగుచేసిన ప్రతి వాద్యాన్నీ అట్టడుగు స్వరం నుంచి చివరి స్వరం వరకు మీరే వాయించి ఇవ్వాలి. మీకు వాయించడం రాని వాద్యాన్ని బాగుచేయడానికి ఒప్పుకోవద్దు. ఏమి మార్చారో, ఎంత తీసుకున్నారో చీటీ రాసి ఇవ్వండి, తీసిన పాత ప్యాడ్లను కూడా చూపించండి. మరమ్మతు ఖర్చు అటువంటి వాద్యం ధరలో సగం దాటుతుందనుకుంటే పని మొదలుపెట్టకముందే చెప్పండి.

పాఠాల సంగతికి వస్తే, మీకు వచ్చినది క్లారినెట్ ఒక్కటే అయితే అదే చెప్పండి, వేణువుకు, సన్నాయికి విద్వాంసులను వారంలో ఒక రోజు పిలిపించండి. విజయనగరంలో 1919లో వెలసిన మహారాజా సంగీత కళాశాల, విజయవాడలోని ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాల, హైదరాబాదులోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల వంటి చోట చదివినవారు మీ జిల్లాలోనే ఉండవచ్చు. ఒక్క విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి: పాఠం చెప్పే గురువుకు అమ్మకం మీద కమీషన్ ఇవ్వవద్దు. ఆ కమీషన్ ఉన్నచోట విద్యార్థికి అవసరం లేని కొత్త వాద్యం అంటగట్టడం మొదలవుతుంది, బాగుచేస్తే చాలిన పాతది మూలపడుతుంది.

ప్రశ్న: మా బడిలో ఉన్న రెండు క్లారినెట్లను, కొన్ని వేణువులను పిల్లలందరూ వంతులవారీగా వాడుతున్నారు. ఇది ఆరోగ్యకరమేనా?

జవాబు: వాద్యాన్ని పంచుకోవచ్చు గానీ రీడును పంచుకోకూడదు. ప్రతి విద్యార్థికి పేరు రాసిన సొంత రీడు, వీలైతే సొంత మౌత్‌పీసు ఉండాలి. మౌత్‌పీసును ఒకరి నుంచి ఒకరికి మార్చేటప్పుడు గోరువెచ్చని నీటితో, కొద్దిపాటి సబ్బుతో కడిగి ఆరనివ్వండి. వేడినీరు పోస్తే మౌత్‌పీసులోని నల్లని ఎబొనైట్ (గట్టి రబ్బరు) రంగు మారుతుంది, ఆకారం చెడుతుంది. వాయించిన వెంటనే రీడును తీసి తుడిచి, చదునైన డబ్బాలో ఆరబెట్టాలి, మౌత్‌పీసుకే తగిలించి పెట్టెలో మూసిపెడితే బూజు పడుతుంది. వెదురు వేణువులను నీటిలో ముంచకుండా ముఖరంధ్రం చుట్టూ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తండి. జలుబు, నోటిపూత ఉన్న రోజున ఆ పిల్లవాడికి వాద్యం ఇవ్వకుండా, మిగతావారు వాయిస్తుండగా స్వరాలు పాడించండి.